ఊరి రాయి, ఊపిరితిత్తుల వ్యాధి

గ్రామములో ఎవరికైనను నెలల తరబడి దగ్గు, ఆయాసము, ప్రక్కనొప్పి ఉన్నచో క్షయ అని తలచుట పరిపాటి. ఆ అనుమానము సమంజసమే. మన దేశమున క్షయ ఇప్పటికిని విస్తారముగ ఉన్నది గనుక ముందుగ కఫపరీక్ష చేయింపవలసినదే. అయితే పరీక్షలో క్రిమి కనబడక, మందులకు వ్యాధి లొంగనప్పుడు మరియొక ప్రశ్న అడుగవలసియున్నది: ఈ మనుష్యుడు ఇన్నేండ్లు ఎట్టి గాలి పీల్చెను? ఈ ప్రశ్న విలువను తెలుపు ఒక నిదర్శనమును ఇచట వివరింతుము.

టర్కీ దేశపు కప్పడోకియా ప్రాంతమున కరాయిన్ అను చిన్న గ్రామము కలదు. ఆ ప్రాంతపు నేల పూర్వము అగ్నిపర్వతములు వెడలగ్రక్కిన బూడిద గట్టిపడి ఏర్పడిన మెత్తని రాయి. రైతులు ఆ రాతిని కోసి ఇండ్లు కట్టుకొనిరి. కొండను తొలిచి కొట్లు చేసికొనిరి. ఆ గ్రామమున ఎందరో ఊపిరితిత్తులను కప్పియుండు పొరలో నీరుచేరి, కృశించి మరణించుచుండిరి. 1970 తరువాతి సంవత్సరములలో అంకారా నగరపు వైద్యుడు ఇజ్జెత్తిన్ బారిష్ దీనిని పరిశోధించెను. అది క్షయ కాదనియు, ఆ పొరకు వచ్చు మీసోథీలియోమా అను అరుదైన క్యాన్సర్ అనియు తేలెను. 1974లో ఆ గ్రామమున మరణించినవారిలో సగముకంటె ఎక్కువమంది దీనికే బలియైరి.

ఈ వ్యాధి రాతినార, అనగా ఆస్‌బెస్టాస్, గనులలోను కర్మాగారములలోను పనిచేసినవారికి వచ్చునని అప్పటికే తెలియును. కరాయిన్‌లోనివారు రైతులు. పురుషులతోబాటు స్త్రీలకును వ్యాధి వచ్చుచుండెను. సమీపముననే యున్న కార్లిక్ గ్రామమున ఆనాటి పరిశోధనలో అది కనబడలేదు. తుదకు కారణము ఇండ్ల రాతిలోనే దొరకెను. ఎరియొనైట్ అను ఖనిజము సన్నని పోగుల రూపమున ఆ రాతిలో కలదు. కంటికి కనబడని ఆ పోగులు దుమ్ముతో లేచి, ఊపిరితో లోనికి పోయి, అచటనే నిలిచిపోవును. వ్యాధి బయటపడుటకు ముప్పది, నలువది ఏండ్లు పట్టవచ్చును. అందుచేతనే ఆ ఊరు విడిచి స్వీడన్‌కు వలసపోయినవారికిని అది వచ్చెను. ఇదే బాధకు గురియైన తుజ్‌కొయ్ గ్రామస్థులకు తరువాత వేరొకచోట ఇండ్లు కట్టించవలసివచ్చెను.

మన గ్రామముల రాతిలో ఎరియొనైట్ కలదని మేము చెప్పుటలేదు. అయితే హానికరమైన దుమ్ము మనకు క్రొత్త కాదు. పులివెందుల ప్రాంతమున రాతినార గనులు త్రవ్వబడినవి. మార్కాపురము పలకలకు ప్రసిద్ధి. పలకలు కోయుచోట, రాళ్లు కొట్టుచోట, కంకర యంత్రములవద్ద లేచు దుమ్ములో సిలికా ఉండును. అది ఊపిరితిత్తులను గట్టిపరచి సిలికోసిస్ అను వ్యాధిని కలిగించును. ఈ వ్యాధి గలవారికి క్షయ కూడ సులభముగ వచ్చును. కావున ఒకటి కనబడినంతమాత్రమున రెండవదానిని మరువరాదు.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు కొన్ని కలవు. దీర్ఘకాలపు దగ్గు గలవారిని ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పంపునప్పుడు, వారు ఏయే ఊళ్లలో, ఏ పనిలో, ఎన్నేండ్లు ఉండిరో ఒక కాగితముపై వ్రాసి ఇచ్చినచో వైద్యునకు ఎంతయో ఉపకరించును. రాతి పనులు జరుగుచోట నీరు చల్లి దుమ్మును అణచవలెనని యజమానులకు గట్టిగ చెప్పవలెను. ముఖమునకు గుడ్డ కట్టుకొన్నంతమాత్రమున సన్నని దుమ్ము ఆగదు. రాతినార కలిసిన సిమెంటు రేకులను పొడిగ కోయరాదు. పగిలిన ముక్కలను తడిపి తీయవలెను గాని, నలుగగొట్టి బాటలపై పోయరాదు. పిల్లలను వానితో ఆడుకొననీయరాదు.

లోనికి పోయిన పోగులను వెలికితీయు మందు లేదు. దుమ్మును లేవనీయకుండుటయే మన చేతిలోనున్న వైద్యము.