బ్యాక్‌గ్రౌండ్ కొనుక్కోకండి.. రాసుకోండి!

బీటెక్ అయిపోయింది. చేతిలో ఆఫర్ లెటర్ లేదు. అప్పుడు ఎవరో ఒకరు మెల్లగా చెవిలో వేస్తారు: "రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టించుకో, పేస్లిప్పులు కూడా వాళ్లే ఇస్తారు" అని. ఈ మాట మీ దాకా కూడా వచ్చే ఉంటుంది. మా చేవెళ్ల వైపు నా క్లాస్‌మేట్ ఒకడు ఆ మాట విన్నాడు. జాబ్ వచ్చింది. మూడో నెలలో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ రిపోర్ట్ కూడా వచ్చింది. ఆ సాయంత్రమే ల్యాప్‌టాప్ అప్పజెప్పి ఇంటికొచ్చేశాడు.

బాధేంటంటే, వాడి దగ్గర నిజమైన అనుభవం ఉంది. ఇంటర్ నుంచి సెలవులొస్తే చాలు, తెల్లారకముందే వాళ్ల నాన్నతో టమాటా బాక్సులు మార్కెట్‌కి తీసుకెళ్లేవాడు. తూకం చూసేవాడు, కమీషన్ లెక్క రాసేవాడు, ధర పడిపోయిన రోజు ఆగాలా అమ్మేయాలా అని తేల్చేవాడు. రెజ్యూమెలో అందులో ఒక్క ముక్క కూడా లేదు. "అది ఎక్స్‌పీరియన్స్ ఎట్లయితదిరా" అన్నాడు.

అది ఎలా ఎక్స్‌పీరియన్స్ అవుతుందో నాకు అర్థమైంది మాత్రం ఒక ఆటలో.

కాగితం, పెన్సిల్, పాచిక

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్స్ పేరు వినే ఉంటారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' వీటికి పెద్దన్న. నలుగురైదుగురు ఒకచోట కూర్చుంటారు. ఒకరు గేమ్ మాస్టర్. కథలో పరిస్థితి ఏంటో ఆయన చెప్తారు. మిగతా వాళ్లకు తలా ఒక పాత్ర. "నా పాత్ర ఇది చేస్తుంది" అంటారు. అవుతుందో లేదో అనుమానమైతే ఇరవై ముఖాల పాచిక వేస్తారు.

ఆట మొదలుకాక ముందే పాత్రకు ఒక షీట్ రాయాలి. అందులో 'క్లాస్' అంటే పాత్ర ఇప్పుడు చేసే పని: యోధుడో, మాంత్రికుడో. 'బ్యాక్‌గ్రౌండ్' అంటే సాహసానికి బయల్దేరకముందు గడిపిన బతుకు. 1977లో వచ్చిన 'ట్రావెలర్' అనే ఆటలోనైతే పాత్ర ముందు నాలుగేళ్ల చొప్పున టర్ములు ఉద్యోగం చేసి రావాలి. దురదృష్టం బాగాలేకపోతే ఆట మొదలుకాకముందే పాత్ర చచ్చిపోయేది కూడా!

రైతు ప్యాకేజీలో ఏముంటుంది?

'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 2014 పుస్తకంలో 13 బ్యాక్‌గ్రౌండ్లు ఉన్నాయి. 2024 పుస్తకంలో 16 అయ్యాయి. కొత్తగా వచ్చిన వాటిలో 'ఫార్మర్', అంటే రైతు ఒకటి. ఆ ప్యాకేజీ తీసుకుంటే మీ పాత్రకు వచ్చేవి ఇవీ:

• బలం, ఓర్పు, వివేకం.. ఈ మూడింటిలో పెంచుకోవడానికి పాయింట్లు.
• రెండు నైపుణ్యాలు: పశువులను సంభాళించడం, ప్రకృతి పరిజ్ఞానం.
• ఒక పనిముట్ల సెట్టు: వడ్రంగి సామాను.
• 'టఫ్' అనే ప్రత్యేక గుణం. దెబ్బలు ఎక్కువ తట్టుకుంటాడు.
• కొడవలి, పార, ఇనుప కుండ లాంటి సామాను, కొంత డబ్బు.

'కష్టజీవి', 'మంచివాడు' లాంటి పొగడ్తలు ఇందులో లేవని గమనించారా? ఏం చేయగలడు, దేనితో చేయగలడు అన్నదే ఉంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక పని జరగాలంటే పాచిక మీద 15 లేదా అంతకన్నా ఎక్కువ రావాలనుకోండి. ఏ నైపుణ్యమూ లేనివాడికి చాన్స్ 30 శాతం. మొదటి లెవెల్‌లో నైపుణ్యం ఉంటే 2 కలుపుతారు. చాన్స్ 40 శాతం అవుతుంది. సహజ సామర్థ్యం వల్ల ఇంకో 3 కలిస్తే 55 శాతం. అంటే బ్యాక్‌గ్రౌండ్ ఎవరినీ గెలిపించదు. చాన్స్ పెంచుతుంది, అంతే. నిజ జీవితంలోనూ అంతే కదా!

ఆలూరు మర్రిచెట్ల కింద..

రాక్షసులు, కోటలు లేకుండా మన దగ్గరే ఆడి చూద్దాం. మొయినాబాద్, చేవెళ్ల మీదుగా బీజాపూర్ వెళ్లే రోడ్డు మీకు తెలుసు. ఇరుగ్గా ఉంటుంది, ప్రమాదాలు ఎక్కువ. పక్కనే వందల కొద్దీ పాత మర్రిచెట్లు. ఆలూరు స్టేజీ దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకునేవాళ్ల మీదికి 2024 డిసెంబరులో లారీ దూసుకొచ్చిన సంగతి ఇక్కడెవరూ మర్చిపోలేదు. రోడ్డు వెడల్పు కావాలి, చెట్లూ బతకాలి, అమ్ముకునేవాళ్లకు చోటూ కావాలి. ఊళ్లో మీటింగ్ పెట్టారనుకోండి. ముగ్గురు ఫ్రెండ్స్ మూడు బ్యాక్‌గ్రౌండ్లు తీసుకున్నారు.

రైతు ప్రకృతి పరిజ్ఞానం వాడతాడు. ఏ చెట్టును వేర్లతో సహా తీసి ఇంకోచోట నాటవచ్చు, ఏది కదిలిస్తే పోతుంది అని చూస్తాడు. 'మర్చంట్', అంటే వ్యాపారికి ఒప్పించే నైపుణ్యం ఉంటుంది. గిరాకీ పోకుండా లోపలికి జరిగి ఎక్కడ కూర్చోవచ్చో అమ్మేవాళ్లతో మాట్లాడతాడు. 'స్క్రైబ్', అంటే రాతపని చేసేవాడికి పరిశోధన నైపుణ్యం. సర్వే కాగితంలో చెట్ల లెక్కకీ, రోడ్డు మీద ఉన్న లెక్కకీ తేడా పట్టుకుంటాడు. సమస్య ఒక్కటే. ముగ్గురికీ మూడు తలుపులు కనిపించాయి.

ఇక్కడే కొత్తవాళ్లు రెండు తప్పులు చేస్తారు. పాయింట్లు ఎక్కువొచ్చే బ్యాక్‌గ్రౌండ్ తీసుకొని తర్వాత దాని ఊసే ఎత్తరు. లేదా పది పేజీల కన్నీటి కథ రాసుకొస్తారు, టేబుల్ దగ్గర దాంతో ఏ పనీ జరగదు. మూడు ప్రశ్నలకు ఒక్కో వాక్యం రాస్తే సరిపోతుంది. ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నాడు? ఎవరికి రుణపడి ఉన్నాడు? ఎందుకు వదిలి వచ్చాడు? గేమ్ మాస్టర్ కూడా ఆ జవాబులకు పని తగిలేలా కథ నడపాలి.

ఇక మీ షీట్

ఈ ఆట ఆడితే జాబ్ వస్తుందని నేను చెప్పను. కానీ రెజ్యూమె రాసేముందు ఒక ఆదివారం మీ మీదే ఒక ప్యాకేజీ రాయండి. రెండు నైపుణ్యాలు, ఒక పనిముట్టు, ఒక సంఘటన. నైపుణ్యం పక్కన అది ఎక్కడ వాడారో లేకపోతే కొట్టేయండి. 'గుడ్ కమ్యూనికేషన్' అనే ముక్క ఆ దెబ్బతోనే పోతుంది. అమ్మ కిరాణా కొట్టు ఖాతా పుస్తకం మీరు రాశారా? నాన్న డ్రిప్ మోటారు మీరే బాగుచేశారా? అవి రాయండి. ఎన్నాళ్లు, ఎంత, ఏం మారింది అన్నది కూడా రాయండి. జాబ్‌కు సంబంధం ఉన్నదే ఉంచండి.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. ఆటలో ఏ బ్యాక్‌గ్రౌండైనా తీసుకోవచ్చు, వెరిఫికేషన్ ఉండదు. బయట ఉంటుంది.

నా క్లాస్‌మేట్ ఫేక్ రెండేళ్లు తీసేసి, టమాటా లెక్కలు నాలుగు లైన్లలో రాశాడు. అద్భుతాలేం జరగలేదు. ఏడు నెలలు తిరిగాడు. చివరికి సరుకు రవాణా సాఫ్ట్‌వేర్ చేసే ఒక చిన్న కంపెనీలో టెస్టర్‌గా చేరాడు. ఇంటర్వ్యూలో సగం టైం మార్కెట్ గురించే అడిగారట. ఈసారి వెరిఫికేషన్ అంటే వాడికి భయం లేదు.

ఆడి చూడాలనుకుంటే ఖర్చేం లేదు. ఈ ఆట మూల నియమాల పత్రం 5.2ను 2025లో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉచితంగా ఇచ్చారు. అందులో నాలుగే బ్యాక్‌గ్రౌండ్లు: అకోలైట్, క్రిమినల్, సేజ్, సోల్జర్. రైతు లేడు. ఆ ప్యాకేజీ మీరే రాసుకోండి. మనకంటే బాగా ఎవరు రాస్తారు చెప్పండి?