ఒక్కసారి ఎక్కువగా కనిపించిన రక్తపోటు: దానిని ఎలా అర్థం చేసుకోవాలి?

బరంపురం బడాబజారులో బట్టల దుకాణం నడిపే 52 ఏళ్ల వ్యక్తి ఒకరు పంటినొప్పితో దంతవైద్యుని వద్దకు వెళ్లారనుకుందాం. ఎండలో నడిచి, మెట్లెక్కి వచ్చి కూర్చోగానే అక్కడి సహాయకురాలు చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూసింది. 168/102 అని వచ్చింది. అంతకు ముందెన్నడూ ఆయనకు రక్తపోటు ఉన్నదని ఎవరూ చెప్పలేదు. ఇల్లు చేరేసరికి సలహాలు సిద్ధంగా ఉన్నాయి. “తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, దాన్ని పట్టించుకోకండి బావా” అన్నాడు బావమరిది. మేనత్తగారు తాము రోజూ వేసుకొనే మాత్ర ఒకటి తెచ్చి చేతిలో పెట్టారు. రెండు సలహాలూ ప్రేమతో ఇచ్చినవే, రెండూ ప్రమాదకరమైనవే.

తెలుగులో ‘పోటు’ అనే మాటలోనే ఒక సూచన ఉన్నది. గోపాలపురం ఒడ్డున ఒక అల పాదాలను దాటి వచ్చినంత మాత్రాన సముద్రం పోటు మీద ఉన్నదని ఎవరూ అనరు. నీరు కొంతసేపు ఎంతవరకు వచ్చి నిలుస్తున్నదో చూసి చెబుతారు. రక్తపోటు కూడా నిద్రలో తగ్గి, నడకలో, నొప్పిలో, భయంలో పెరుగుతూ ఉంటుంది. ఒక్క కొలత ఒక్క అల వంటిది. దానితో వ్యాధిని నిర్ధారించకూడదు, అలాగని దానిని మరచిపోనూ కూడదు.

రెండు సంఖ్యల అర్థం

గుండె ముడుచుకొని రక్తాన్ని నెట్టినప్పుడు ధమనుల గోడలపై పడే ఒత్తిడి పై సంఖ్య. గుండె వదులై తిరిగి నిండే సమయంలో మిగిలి ఉండే ఒత్తిడి కింది సంఖ్య. పూర్వం పాదరస స్తంభంతో కొలిచేవారు కాబట్టి నేటికీ వీటిని పాదరస మిల్లీమీటర్లలోనే చెబుతారు. వైద్యకేంద్రంలో వేర్వేరు రెండు రోజులలో కొలిచినప్పుడు రెండు రోజులూ పై సంఖ్య 140 లేదా అంతకు మించి గాని, కింది సంఖ్య 90 లేదా అంతకు మించి గాని ఉంటే దానిని అధిక రక్తపోటుగా పరిగణిస్తారు.

కొలతను పెంచే కారణాలు

కూర్చున్న తీరు కూడా సంఖ్యను మారుస్తుంది. పట్టీ గుండె మట్టానికి ఒక సెంటీమీటరు దిగువన ఉంటే కొలత సుమారు 0.8 పెరుగుతుంది. అంటే 15 సెంటీమీటర్లు కిందికి ఉన్న చేతిలో దాదాపు 12 ఎక్కువ కనిపిస్తుంది. కొలిచేటప్పుడు మాట్లాడటం, మూత్రం ఆపుకొని కూర్చోవడం, కాలు మీద కాలు వేసుకోవడం, వీపుకు ఆనుడు లేకపోవడం, లావైన చేతికి చిన్న పట్టీ చుట్టడం, చొక్కా చేతి మీదనే పట్టీ బిగించడం కూడా కొలతను పెంచగలవు. కొందరికి వైద్యుని ఎదుట కూర్చుంటేనే పోటు పెరుగుతుంది. ఇంట్లో మామూలుగానే ఉంటుంది. ఇందుకు విరుద్ధంగా వైద్యుని వద్ద మామూలుగా ఉండి ఇంట్లో పెరిగేవారూ ఉన్నారు.

మందుల సంగతి కూడా చూడాలి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు, ముక్కు దిబ్బడకు వాడే కొన్ని జలుబు మందులు, స్టెరాయిడ్లు, కొన్ని గర్భనిరోధక మాత్రలు రక్తపోటును పెంచగలవు. దగ్గుకు ఇంట్లో వాడుకొనే అతిమధురాన్ని రోజుల తరబడి ఎక్కువగా తీసుకున్నా అంతే. పైన చెప్పిన దుకాణదారు మూడు రోజులుగా నొప్పి మాత్రలు వాడుతున్నారు. పంటినొప్పి ఉండనే ఉన్నది. మెట్లెక్కి వచ్చి కనీసం ఐదు నిమిషాలైనా కూర్చోలేదు.

సరైన కొలత

కొలతకు అరగంట ముందు నుంచి కాఫీ, టీ, పొగాకు ముట్టరాదు. మూత్రవిసర్జన చేసి, ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేలపై ఉండాలి. చేతిని బల్లపై గుండె మట్టంలో ఉంచి, పట్టీని చర్మం మీదనే చుట్టాలి. మణికట్టుకు కట్టే యంత్రం కంటే పైచేతికి చుట్టేది నమ్మదగినది. ఒక నిమిషం వ్యవధితో రెండుసార్లు కొలవాలి. మొదటిసారి రెండు చేతులకూ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే తరువాత ఎప్పుడూ కొలవాలి.

ఇలా ఉదయం, సాయంత్రం ఏడు రోజులు కొలిచి, తేదీ, వేళ, రెండు సంఖ్యలు రాసుకోవాలి. మొదటి రోజువి వదిలి మిగిలినవాటి సగటు తీయాలి. ఇంట్లో మనసు కొంత నెమ్మదిగా ఉంటుంది కాబట్టి ఇక్కడ హద్దు 135/85. తక్కువ వచ్చిన సంఖ్యలే ఏరి రాసుకుంటే ఆ లెక్క వల్ల ప్రయోజనం లేదు.

దుకాణదారు వైద్యుని అడిగి నొప్పి మాత్ర మార్చుకున్నారు. పంటినొప్పి తగ్గాక వారం రోజులు కొలిచారు. సగటు 146/92 వచ్చింది. మొదటి సంఖ్యలో కొంత నొప్పిది, కొంత మెట్లది. కాని మిగిలినది ఆయనదే. మేనత్తగారి మాత్ర వేసుకొని ఉంటే ఆ నిజం మరుగున పడేది. బావమరిది మాట విని ఉంటే మరి కొన్నేళ్లు తెలిసేదే కాదు.

లక్షణాలు లేవని ధీమా పడరాదు. ‘బీపీ’ అనే మాటను నిత్యవ్యవహారంలో కోపానికి పర్యాయపదంగా వాడుతున్నందువల్ల, శాంతస్వభావులు తమకు ఆ జబ్బు రాదనుకుంటారు. నిజానికి అధిక రక్తపోటు చాలామందిలో ఏ సూచనా ఇవ్వకుండానే మెదడును, గుండెను, మూత్రపిండాలను, కంటిని దెబ్బతీస్తుంది. ఇతరుల మాత్రలు వాడటమూ తగదు. ఉబ్బసం ఉన్నవారికి, గర్భిణులకు పనికిరాని రక్తపోటు మందులు కొన్ని ఉన్నాయి.

ఆలస్యం చేయరాని సందర్భాలు

ఛాతీలో నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక వైపు చేయి లేదా కాలు పట్టు తప్పడం, హఠాత్తుగా చూపు మసకబారడం కనిపిస్తే యంత్రం కోసం వెతకరాదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఈ లక్షణాలేవీ లేకుండా 180/120 దాటితే, ఐదు నిమిషాలు కూర్చొని మళ్లీ కొలవాలి. అప్పుడూ తగ్గకపోతే ఆ రోజే వైద్యుని కలవాలి. గర్భిణులకు 140/90 వచ్చినా అదే రోజు చూపించుకోవాలి.

ఎక్కడికి వెళ్లాలి?

30 ఏళ్లు దాటినవారికి పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో రక్తపోటు, మధుమేహ పరీక్షలు ఉచితంగా చేస్తారు. ఇంట్లో యంత్రం లేనివారు వేర్వేరు రోజులలో అక్కడికే వెళ్లి కొలిపించుకోవచ్చు. వాడుతున్న మందులన్నీ, నాటు మందులతో సహా, వెంట తీసుకెళ్లాలి. మూత్ర, రక్త పరీక్షలు, గుండె పరీక్ష చూసి మందు అవసరమో కాదో వైద్యుడే నిర్ణయిస్తాడు. మందు మొదలుపెట్టినా పెట్టకపోయినా ఉప్పు తగ్గించుకోవలసిందే. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు, అంటే ఒక చెంచాకు మించరాదు. ఊరగాయ, అప్పడం, ఎండుచేపలలోని ఉప్పు కూడా ఈ లెక్కలోనిదే.

ఒడియాలో చెప్పుకోలేమన్న సంకోచంతో పెద్దలు వైద్యుని వద్దకు వెళ్లడం మానుకోనవసరం లేదు. తేదీ, వేళ, రెండు సంఖ్యలు వరుసగా రాసిన కాగితాన్ని ఏ భాష వైద్యుడైనా చదవగలడు. ఏడు రోజుల ఆ కాగితాన్ని వెంట తీసుకెళ్లితే చాలు.