పెద్దలు నిజముగా నెంత భుజించుచున్నారు?

"ఏమత్తయ్యా, అన్నము తింటిరా?" యని కోడలడుగును. "తింటినమ్మా, కడుపు నిండినది" యని యత్తగారు బదులు చెప్పును. మన యిండ్లలో వృద్ధుల యాహారవిచారణ సాధారణముగా నీ రెండు మాటలతోనే ముగియుచున్నది. ఆ నిండిన కడుపులోనికి బోయినది గుప్పెడన్నమో, గిన్నెడన్నమో చూచువారరుదు. ఆర్నెలలు గడచి, చేతిగాజులు జారి మోచేతిని దాకినప్పుడుగాని యామె కృశించిన సంగతి మన కంటబడదు.

మేము శ్రీహరికోట ప్రాంతమున కాపురముండువారము. ఒకవంక బంగాళాఖాతము, ఒకవంక పులికాటు సరస్సు, నడుమ నీ దీవి. 1971 అక్టోబరు 9వ తేదిని ఇచ్చటినుండి మొదటిసారిగా రోహిణి రాకెట్టు పైకెగసెను. ఇంధనమును తూచక రాకెట్టును పంపువారు లేరు. ఇంటి పెద్దల యన్నమునకు మాత్రము చూపుమేర చాలునని మనమనుకొనుచున్నాము.

వృద్ధుల భోజనమును లెక్కించుట సులభము గాదు. నిన్న తిన్నది నేడు జ్ఞప్తికి రాదు. నడుమ త్రాగిన కాఫీ, నోట వేసికొన్న బెల్లపుముక్క, చారెడు బొరుగులు భోజనముగా వారికి దోచవు. తమ పాలు మనుమనికి బెట్టి, తామే త్రాగితిమని చెప్పుటయు గలదు. ఇంటి లేమిని పొరుగువారికి దెలియనీయరాదని నిండుగా దింటిమను నభిమానవతులును గలరు. ఏకాదశినాటి లెక్క ద్వాదశికి సరిపడదు.

ఈ దీవిలో తరతరములుగా జీవించిన యానాదుల విషయమున నీ చిక్కు మరింత పెద్దది. అడవిలో ద్రవ్విన గడ్డలు, తేనె, సరస్సులో బట్టిన చేపలు, పీతలు అంగడి లెక్కలోనికి రావు. బియ్యము, పప్పు మాత్రమే యడిగి వ్రాసికొనిపోవువారికి వారి యాహారములో సగము కనబడకయే పోవచ్చును.

ఈ విద్యకు మన దేశమున నొక చరిత్ర కలదు. 1918లో కూనూరునందు మెక్‌కారిసన్ దొర ప్రారంభించిన చిన్న పరిశోధనశాలయే 1958లో హైదరాబాదునకు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థయైనది. 1972లో నేర్పడిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగమువారు ఇంటింటికి దిరిగి, గడచిన 24 గంటలలో నెవరేమి తినిరో యడిగి, ఒకే పరిమాణము గల గిన్నెలను చూపి కొలతలు వ్రాసికొనెడివారు. మన సోలలు, గిద్దెలు ఊరికొక తీరుగా నుండుటచే నట్టి గిన్నెలు కావలసివచ్చినవి.

ఆ పద్ధతి గృహిణులకు కష్టసాధ్యము గాదు. 500 గ్రాముల బియ్యము వండితిమనుకొందము. ఆ యన్నము ఒక గిన్నెతో 10 గిన్నెలైనచో, గిన్నె యొకటికి 50 గ్రాముల బియ్యము. అత్తగారికి 2 గిన్నెలు వడ్డింపగా నర గిన్నె కంచమున మిగిలినది. ఆమె భుజించినది ఒకటిన్నర గిన్నె, అనగా 75 గ్రాముల బియ్యము. మిగిలినదానిని తీసివేయుట మరచితిమా, లెక్క తప్పినట్లే.

పులుసులకును, మజ్జిగకును ఈ లెక్క తిన్నగా నొప్పదు. పప్పుచారు పైతేట పోసికొన్నవారికిని, అడుగునుండి గరిటెతో దీసికొన్నవారికిని పప్పు సమముగా రాదు. పండ్లూడినవారు తరచుగా తేటనే కోరుదురు. గ్లాసెడు మజ్జిగలో పెరుగెంతయో, నీరెంతయో చిలికినవారే చెప్పవలయును.

ఈ లెక్కవలన ఫలమేమందురా? 45 కిలోల బరువున్న వృద్ధురాలికి, కిలోకు 0.83 గ్రాముల చొప్పున, దినమునకు సుమారు 37 గ్రాముల మాంసకృత్తులు కావలయును. పైన జెప్పిన 75 గ్రాముల బియ్యములో లభించునవి సుమారు 6 గ్రాములే. రెండు పూటలకు 12 గ్రాములు. తక్కిన 25 గ్రాములు పప్పు, పాలు, పెరుగు, గ్రుడ్డు, చేపలనుండి రావలయును. చారు తేటయు, నీళ్లమజ్జిగయు నా లోటును పూరింపజాలవు. ఏ పదార్థములో నేమి యున్నదో 2017లో నా సంస్థవారు 528 ఆహారపదార్థములకు పట్టికలు ప్రకటించిరి.

కావున సోదరీమణులారా, నెలకు మూడు దినములు, వరుసగా గాక విడివిడిగా, ఉపవాసదినమొకటి కలియునట్లు, ఇంటి పెద్దల యాహారమును వ్రాయుడు. "ఏమి తింటిరి" అని యొక్కసారి యడిగి విడువక, నిద్ర లేచినది మొదలు పడుకొనువరకు వరుసగా జ్ఞప్తికి దెప్పింపుడు. నడుమ తిన్నవానిని వేరుగా నడుగుడు. వడ్డించిన పిమ్మట నొకటి, భోజనానంతర మొకటి కంచమును ఫోనులో ఫోటో తీసినను మేలే. ఎదుట గూర్చుండి తూచకుడు. తమ్ము గనిపెట్టుచున్నారని తోచినచో వారు మొగమాటమున మరింత తగ్గింతురు.

దీనితోపాటు నెలకొకసారి బరువు చూడవలయును. ప్రయత్నింపకయే 6 మొదలు 12 నెలలలోపల నూటికి 5 వంతులు తగ్గినచో, అనగా 45 కిలోలవారు రెండు కిలోలకు పైగా తగ్గినచో, ముసలితనమని యూరకుండరాదు. ఆ వ్రాసిన కాగితమును వెంటగొని వైద్యునియొద్దకు పోవలయును. పంటినొప్పియో, మ్రింగుట కష్టమో, మనోవ్యథయో, వేరు వ్యాధియో కారణము కావచ్చును. "బాగుగానే తినుచున్నారు" అను మన మాటకంటె నా మూడు దినముల లెక్కయే వైద్యునికి దారి చూపును.