గాలిని తూచే పిస్టన్: పాత జపాన్ స్పోర్ట్స్ కార్ల కార్బ్యురేటర్ కథ

ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండడానికి ఎంత గాలి కావాలి? దాదాపు 9,000 లీటర్లు. బరువుల్లో చెప్పుకుంటే, ఒక కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి. పెట్రోలు ఇంజిన్ సవ్యంగా నడవాలంటే ఈ నిష్పత్తికి దగ్గరగా ఉండే మిశ్రమం ప్రతి క్షణం అందుతూ ఉండాలి. ఈనాటి కార్లలో ఆ పనిని సెన్సర్లు, కంప్యూటర్, ఇంజెక్టర్లు కలిసి చేస్తాయి. 1960, 70 దశకాల చాలా కార్లలో ఇవేవీ లేవు. గాలి ఎంత వస్తోందో కనిపెట్టి, దానికి తగినంత పెట్రోలు కలిపే బాధ్యత మొత్తం కార్బ్యురేటర్ అనే లోహపు పరికరానిదే.

జపాన్ స్పోర్ట్స్ కార్లు ప్రపంచం దృష్టిలో పడింది ఆ కాలంలోనే. హోండా ఎస్600లో నాలుగు సిలిండర్లకు నాలుగు కైహిన్ కార్బ్యురేటర్లు ఉండేవి. టయోటా 2000జీటీలో మూడు మికుని-సోలెక్స్ కార్బ్యురేటర్లు బిగించారు. 1969 చివరలో నిస్సాన్ తెచ్చిన ఫెయిర్‌లేడీ జడ్, అమెరికాలో డాట్సన్ 240జడ్ పేరుతో పేరు తెచ్చుకుంది. 2.4 లీటర్ల, ఆరు సిలిండర్ల ఆ ఇంజిన్‌కు హిటాచి తయారుచేసిన రెండు కార్బ్యురేటర్లు అమర్చారు. ముందుది మొదటి మూడు సిలిండర్లకు, వెనకది మిగతా మూడింటికి మిశ్రమాన్ని అందిస్తుంది. అర్ధశతాబ్దం దాటిన ఆ కార్లు నేటికీ రోడ్ల మీద తిరుగుతున్నాయంటే, ఈ పరికరాలను అర్థం చేసుకుని సరిచేయగలిగినవాళ్లు ఉండబట్టే.

పీల్చడం కాదు, నెట్టడం

కార్బ్యురేటర్ పెట్రోలును పీలుస్తుందని వాడుకలో అంటాం. నిజానికి జరిగేది వేరు. గాలి వెళ్లే దారి ఒకచోట ఇరుకుగా ఉంటే అక్కడ గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. డేనియల్ బెర్నౌలి 1738లో ప్రచురించిన గ్రంథంలోని సూత్రం ఇందుకు ఆధారం. ఇరుకు మార్గానికి ఇటలీ శాస్త్రవేత్త వెంచురీ పేరు స్థిరపడింది. పక్కనే ఉండే చిన్న తొట్టిలోని పెట్రోలు మీద మామూలు వాతావరణ పీడనం ఉంటుంది. వెంచురీలో పీడనం అంతకంటే తక్కువ. ఈ తేడాయే పెట్రోలును సన్నని జెట్ గుండా గాలిలోకి నెడుతుంది.

ఇంతవరకు తేలికే. చిక్కంతా గాలి పరిమాణం మారడంలో ఉంది. 2.4 లీటర్ల నాలుగు స్ట్రోకుల ఇంజిన్ నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతూ, త్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంటే, లెక్క ప్రకారం సెకనుకు 120 లీటర్ల దాకా గాలి తీసుకుంటుంది. కారు ఆగి, ఇంజిన్ స్లోలో ఉన్నప్పుడు అందులో ఇరవయ్యో వంతు కూడా ఉండకపోవచ్చు. పీడనంలో తేడా గాలి వేగం వర్గాన్ని అనుసరిస్తుంది. అంటే ఇరుకు మార్గం వెడల్పు మారకపోతే, గాలి 20 రెట్లు మారినప్పుడు పీడనం తేడా 400 రెట్లు మారుతుంది. పైన చాలినంత తేడా ఇచ్చే వెంచురీ, స్లోలో పెట్రోలును కదిలించనే లేదు.

మికుని-సోలెక్స్ లాంటి కార్బ్యురేటర్లు ఈ చిక్కును దారులు పెంచి పరిష్కరించాయి. స్లోకు ఒక జెట్, వేగానికి ఒక జెట్, గాలిని సరిదిద్దే ఇంకో జెట్, యాక్సిలరేటర్ నొక్కిన క్షణాన అదనంగా పెట్రోలు చిమ్మే పంపు ఉంటాయి. 240జడ్‌లోని హిటాచి కార్బ్యురేటర్లది వేరే మార్గం. అవి బ్రిటన్‌లో పుట్టిన ఎస్‌యూ పద్ధతిని అనుసరించాయి. వాటిలో ఇరుకు మార్గమే పెద్దదీ చిన్నదీ అవుతుంది.

పైకి కిందికి కదిలే తక్కెడ

హిటాచి కార్బ్యురేటర్‌లో గాలి మార్గానికి అడ్డంగా ఒక పిస్టన్ నిలువుగా వేలాడుతుంది. దాని పైన గంట ఆకారపు మూత ఉంటుంది. ఆ మూత లోపలి గది పిస్టన్‌లోని రంధ్రం ద్వారా తక్కువ పీడనం ఉన్న చోటికి కలుస్తుంది. పిస్టన్ అంచు కింద మాత్రం బయటి గాలి పీడనం పనిచేస్తుంది. త్రాటిల్ తెరిస్తే గాలి పెరుగుతుంది, పై గదిలో పీడనం తగ్గుతుంది, కింది పీడనం పిస్టన్‌ను పైకి లేపుతుంది. పిస్టన్ లేచిన కొద్దీ మార్గం వెడల్పవుతుంది. పీడనం తేడా తిరిగి పిస్టన్ బరువుకు, స్ప్రింగుకు సమానమైన చోట అది నిలిచిపోతుంది. దీనివల్ల పీడనం తేడా ఇంచుమించు స్థిరంగా ఉంటుంది. గాలి ఎంత వస్తోందో చెప్పేది పిస్టన్ ఎత్తు. ఒక రకంగా ఇది గాలిని తూచే తక్కెడ.

పిస్టన్ అడుగున మొన తేలిన సూది ఒకటి వేలాడుతూ జెట్‌లోకి దిగి ఉంటుంది. పిస్టన్ లేస్తే సూది లేస్తుంది, దాని చుట్టూ ఖాళీ పెరిగి పెట్రోలు ఎక్కువగా వస్తుంది. ఏ ఎత్తులో ఎంత పెట్రోలు రావాలో సూది నునుపు వాలులోనే నిర్ణయమై ఉంటుంది. నేటి కార్ల కంప్యూటర్‌లో ఉండే ఇంధన పట్టిక ఇక్కడ లోహంలో చెక్కి ఉందన్నమాట.

ఇంకో చిన్న ఏర్పాటు పిస్టన్ కాడలో పోసే పలుచని నూనె. పెట్రోలు గాలికంటే సుమారు 600 రెట్లు బరువైనది. త్రాటిల్ ఒక్కసారిగా తెరిస్తే గాలి వెంటనే పరుగెత్తుతుంది, పెట్రోలు వెనకబడుతుంది. నూనె పిస్టన్‌ను నెమ్మదిగా లేవనిస్తుంది. ఆ కొద్ది క్షణాలు పీడనం తేడా పెరిగి పెట్రోలు ఎక్కువ వస్తుంది. నూనె అయిపోయిన కారు యాక్సిలరేటర్ నొక్కగానే ఒక్క క్షణం తడబడుతుంది. ఖరీదైన రిపేరు అవసరమనుకున్న లోపం కొన్నిసార్లు కొద్ది చుక్కల నూనెతో తీరిపోతుంది.

ముందు కార్బ్యురేటర్ జోలికి వెళ్లకూడదు

కారు సరిగా లాగకపోతే చాలామంది ముందు కార్బ్యురేటర్ స్క్రూలు తిప్పుతారు. అసలు ఆ పని చివరన రావాలి. వాల్వుల సందు తప్పినా, స్పార్క్ సమయం తప్పినా, ఒక సిలిండర్ కంప్రెషన్ తగ్గినా లక్షణాలు కార్బ్యురేటర్ లోపంలాగే కనిపిస్తాయి. అవి సరిచేయకుండా మిశ్రమం మార్చితే ఒక తప్పును ఇంకో తప్పుతో కప్పినట్టవుతుంది.

తరువాత చూడాల్సింది గాలి లీకులు. ఏళ్ల తరబడి తిరిగిన త్రాటిల్ ఇరుసు అరిగి, దాని పక్కనుంచి గాలి దూరుతుంది. ఆ గాలి పిస్టన్ కింద నుంచి రాదు కాబట్టి కార్బ్యురేటర్ లెక్కలోకి రాదు, దానికి పెట్రోలు కలవదు. మొత్తం గాలి తక్కువగా ఉండే స్లోలో దీని ప్రభావం ఎక్కువ. వేగం మీద బాగానే నడిచే కారు సిగ్నల్ దగ్గర ఆగిపోవడానికి ఇదొక సాధారణ కారణం. ఎన్ని స్క్రూలు తిప్పినా ఈ లోపం పోదు. ఇరుసుకు కొత్త బుష్‌లు వేయాల్సిందే.

మూడోది తొట్టిలో పెట్రోలు మట్టం. మట్టం ఎక్కువైతే పెట్రోలు తేలిగ్గా పైకి వచ్చి మిశ్రమం చిక్కబడుతుంది. మెకానిక్‌లు దీన్నే రిచ్ అంటారు. మట్టం తగ్గితే మిశ్రమం పలచబడుతుంది, అదే లీన్. నాలుగోది పిస్టన్ కదలిక. నూనె తీసి, పిస్టన్‌ను వేలితో లేపి వదిలితే మెత్తగా దిగి, అడుగున చిన్న టక్కుమనే శబ్దం చేయాలి. జిగురు పట్టి ఉంటే ద్రావకంతో తుడవాలి, గరుకు కాగితం తగలనివ్వకూడదు. పిస్టన్‌కూ మూతకూ మధ్య సందు చాలా సన్నది. అది పెరిగితే పీడనం లీకై తక్కెడ తప్పు చూపుతుంది. ఏ పిస్టన్ మూత ఆ పిస్టన్‌కే జత. రెండు కార్బ్యురేటర్లు ఒకేసారి విప్పినప్పుడు అవి కలిసిపోకుండా చూసుకోవాలి.

రెండూ ఒకేలా ఊపిరి తీయాలి

ఇవన్నీ అయ్యాక ట్యూనింగ్. ఇంజిన్ పూర్తిగా వేడెక్కిన తరువాతే మొదలుపెట్టాలి. రెండు కార్బ్యురేటర్లను కలిపే లింకును వదులుచేసి, రెండింటి గుండా వెళ్లే గాలి సమానమయ్యేలా స్లో స్క్రూలను సరిచేస్తారు. గాలి ప్రవాహం చూపే చిన్న మీటరు ఇందుకు దొరుకుతుంది. అది లేని రోజుల్లో మెకానిక్‌లు సన్నని రబ్బరు గొట్టం ఒక చివర చెవి దగ్గర, రెండో చివర కార్బ్యురేటర్ నోటి దగ్గర పెట్టి, సుయ్‌మనే శబ్దాన్ని పోల్చి చూసేవారు. 240జడ్‌లో స్లో నిమిషానికి సుమారు 750 చుట్లు. గాలి సమానం కాకుండా మిశ్రమం సరిచేస్తే మూడు సిలిండర్లు ఎక్కువ, మూడు తక్కువ పనిచేస్తాయి. ఇంజిన్ వణుకుతుంది.

మిశ్రమాన్ని మార్చేది కార్బ్యురేటర్ అడుగున ఉండే నట్టు. దాన్ని పూర్తిగా పైకి బిగించి, సుమారు రెండున్నర చుట్లు కిందికి తిప్పి అక్కడి నుంచి మొదలుపెట్టడం వాడుక. నట్టు దిగితే జెట్ దిగుతుంది, సూది చుట్టూ ఖాళీ పెరిగి మిశ్రమం చిక్కబడుతుంది.

సరిగ్గా ఉందని తెలిసేదెలా? ఇక్కడే ఓ చక్కని ప్రయోగం ఉంది. స్లోలో ఒక పిస్టన్‌ను ఒక మిల్లీమీటరు మాత్రం లేపాలి. దాంతో గాలి కాస్త పెరిగి మిశ్రమం కొంచెం పలచబడుతుంది. ఇంజిన్ వేగం పెరిగి అలాగే ఉంటే అంతకుముందు మిశ్రమం చిక్కగా ఉన్నట్టు. ఇంజిన్ తడబడి ఆగబోతే ముందే పలచగా ఉన్నట్టు. వేగం ఒక్క క్షణం కొద్దిగా పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. వ్యవస్థను కొద్దిగా కదిపి, అది ఎటు స్పందిస్తుందో చూసి దాని స్థితిని తెలుసుకోవడం భౌతికశాస్త్రంలో పాత పద్ధతే. రోడ్డు మీద నడిపాక స్పార్క్ ప్లగ్గులు విప్పి చూస్తే మరో సాక్ష్యం దొరుకుతుంది. లేత గోధుమ రంగు మంచిది, నల్లని మసి రిచ్‌కు గుర్తు, తెల్లగా పాలిపోతే లీన్‌కు గుర్తు.

లీన్‌ను తేలిగ్గా తీసుకోకూడదు. బరువు మీద పలుచటి మిశ్రమంతో నడిచే ఇంజిన్‌లో వేడి పెరిగి, మిశ్రమం అదుపు తప్పి పేలి, వాల్వులు కాలిపోవచ్చు, పిస్టన్‌కు చిల్లు పడవచ్చు. మరీ రిచ్ అయితే పెట్రోలు సిలిండర్ గోడల మీది నూనె పొరను కడిగేస్తుంది, పొగలో కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. రంగు, వాసన లేని ఆ వాయువు ప్రాణం తీస్తుంది. మూసిన షెడ్డులో ఇంజిన్ నడుపుతూ ట్యూనింగ్ చేయకూడదనేది అందుకే.

కొండ మారినా, బంకు మారినా

కార్బ్యురేటర్‌కు ఒక పరిమితి ఉంది. అది తూచేది గాలి బరువును నేరుగా కాదు, పీడనం ద్వారా అంచనా వేస్తుంది. గాలి సాంద్రత తగ్గితే ఆ అంచనా తప్పుతుంది. ఫుజి పర్వతం మీద కార్లు చేరగల అయిదో మజిలీ దాదాపు 2,300 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే సుమారు 20 శాతం తక్కువ. మిశ్రమం చిక్కదనం సాంద్రత వర్గమూలానికి విలోమంగా మారుతుంది కాబట్టి, కింద చక్కగా ట్యూన్ చేసిన కారు పైన సుమారు 12 శాతం రిచ్‌గా నడుస్తుంది.

కార్బ్యురేటర్ కాలం చెల్లిపోవడానికీ ఇదే మూలం. పొగను శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టర్ బాగా పనిచేయాలంటే నిష్పత్తి 14.7కు అతి దగ్గరగా నిలవాలి. కొండలు, ఎండలు, అరుగుదల మధ్య కార్బ్యురేటర్ ఒక్కటే అంత కచ్చితత్వం నిలపలేదు. కాలుష్య నిబంధనల కోసం 1973 మోడల్ 240జడ్‌కు వేరే రకం కార్బ్యురేటర్లు పెట్టారు. అవి నచ్చక చాలామంది యజమానులు పాతవే వెతికి బిగించుకున్నారు. 1975 మోడల్ 280జడ్‌తో అమెరికాలో ఈ కారు ఇంధన ఇంజెక్షన్‌కు మారిపోయింది.

ఇది దూరదేశపు పాత కార్ల సంగతి మాత్రమే కాదు. మన వీధుల్లో ఇప్పటికీ వినిపించే యమహా ఆర్‌ఎక్స్ 100లో ఉన్నదీ మికుని కార్బ్యురేటరే. మన బంకుల్లో పెట్రోలు మారింది. 2025 నాటికి దేశంలో పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఇథనాల్‌లో ముందే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి కిలోకు 9 కిలోల గాలి చాలు. 20 శాతం కలిసిన పెట్రోలుకు కావాల్సిన నిష్పత్తి 14.7 నుంచి సుమారు 13.5కు దిగుతుంది. స్వచ్ఛమైన పెట్రోలుకు ట్యూన్ చేసి వదిలేసిన కార్బ్యురేటర్ ఈ ఇంధనంతో దాదాపు 8 శాతం లీన్‌గా నడుస్తుంది. ఇంజెక్షన్ ఉన్న బండిలో ఆక్సిజన్ సెన్సర్ ఈ తేడా పసిగట్టి పెట్రోలు పెంచుతుంది. కార్బ్యురేటర్‌కు ఆ సంగతి తెలిసే దారి లేదు.

హిటాచి కార్బ్యురేటర్‌లో నట్టును కాస్త దించితే స్లోలో తేడా సరిపోతుంది. అయితే పిస్టన్ పైకి లేచినప్పుడు సూది చుట్టూ ఖాళీ ముందే పెద్దది కాబట్టి అదే మార్పు అక్కడ తక్కువ ప్రభావం చూపుతుంది. బరువు మీద కూడా మిశ్రమం సరిపోవాలంటే సూదినే మార్చాల్సి రావచ్చు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను, సీళ్లను పాడుచేయగలదు. వేడి ఇంజిన్ పక్కనే గొట్టం కారితే మంటలు రావచ్చు. అందుకే పాత కార్లలో కొత్త ఇంధనాన్ని తట్టుకునే గొట్టాలు వేయడం, నెలల తరబడి కదలని బండి తొట్టిలోంచి పెట్రోలు తీసేయడం మంచిది. ఎప్పుడో బాగా ట్యూన్ చేయించామన్న ధీమా ఇప్పుడు చాలదు. ఇంధనం మారిన తరువాత ఒకసారి పిస్టన్ లేపి చూడాలి, ప్లగ్గులు విప్పి రంగు చూడాలి. సెన్సర్ లేని బండిలో ఆ పని మనిషే చేయాలి.