చెరువు శిఖములో వేసవి

వేసవి వచ్చినదని పంచాంగము చెప్పుటకు ముందే, మా చిన్ననాట, రావిర్యాల చెరువు చెప్పెడిది. ఫాల్గుణము దాటుసరికి నీరు కట్టవైపునకు ఒదిగిపోయెడిది. నీరు విడిచిన నేల మొదట బురదగా ఉండి, పిమ్మట నెఱ్ఱెలు విచ్చి, పై అంచున మాత్రము పాదమునకు గట్టిగా తగిలెడిది. ఈ నేలనే మన ప్రాంతమున శిఖము అందురు. ఆ గట్టిదనము తెలియగానే పిల్లలలో ఎవడో ఒకడు మూడు కఱ్ఱలు తెచ్చి పాతెడివాడు. ఆ దినము మొదలు మృగశిర కార్తె వరకు చెరువు మాకు క్రీడాంగణము.

రావిర్యాల రంగారెడ్డి జిల్లా మహేశ్వరము మండలములోని గ్రామము. మా మాతామహుల ఊరు. శంషాబాదు విమానాశ్రయము దీనికి పడమటి దిక్కున ఉన్నది. 2008 మార్చిలో ఆ విమానాశ్రయము తెరువబడిన పిమ్మటను, నగరమును చుట్టివచ్చు 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ఏర్పడిన పిమ్మటను ఈ గ్రామపు పేరు ప్రయాణికుల నోట వినవచ్చుచున్నది. 2016లో వండర్లా అను వినోదోద్యానము ఇచ్చటనే వెలసినది. అంతకు పూర్వము మేము ఊరి పేరు చెప్పినచో, అది ఎక్కడనని అడిగెడివారే ఎక్కువ.

ప్రతి వేసవిలోను ఒక్క సాయంకాలమైనను అచ్చట గడపుట మాకు అలవాటు. చిన్ననాటి మిత్రులు ముగ్గురు ఇంకను ఆ చుట్టుపట్లనే ఉన్నారు. వారితో వేపచెట్టు క్రింద కూర్చుండి పలికిన మాటలే ఈ ప్రసంగమునకు ఆధారము. వేసవికిని, ఆటకును, స్నేహమునకును, లోకవార్తకును సంబంధమేమని శ్రోతలు అడుగవచ్చును. ఈ నాలుగును ఒకచోట కూడుటకు కావలసినవి మూడే: నీడ, నీరు, ఖాళీ నేల. ఆ మూడును గ్రామమున ఉమ్మడిగా ఉన్నంతకాలము వాటిని గూర్చి ఎవరును ఆలోచింపలేదు.

ముందుగా నీడ మాట. రేడియోలో మేము 42 డిగ్రీలని చదివినప్పుడు, ఆ అంకె నీడలోనిది. తెల్లరంగు పూసిన చెక్కపెట్టెలో, గాలి ఆడుటకు చీలికల తలుపులు పెట్టి, నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున ఉష్ణమాపకము నుంచి తీసిన లెక్క అది. ఎండలో నిలిచిన వానికి, కాలిన నేలపై నడచువానికి, తారు పోయుచున్న కూలివానికి అంతకంటె ఎక్కువ వేడి తగులును. మైదాన ప్రాంతమున గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు చేరి, ఆ దినమునకు సహజమైన దానికంటె 4.5 డిగ్రీలు హెచ్చినచో దానిని వాతావరణశాఖ వడగాలిగా ఎంచును. 45 డిగ్రీలు చేరినచో ఆ పోలికతో పనియే లేదు.

మా అమ్మమ్మకు ఈ అంకెలేవియు తెలియవు. ఆమెకు తెలిసినది వాకిట రంజను. మట్టికుండ గోడలోని సన్నని రంధ్రముల గుండా నీరు చెమ్మగా వెలికి వచ్చి ఆవిరి అగును. ఒక్క గ్రాము నీరు అట్లు ఆవిరి అగుటకు సుమారు 580 కెలోరీల వేడి కావలెను. ఆ వేడిని అది కుండనుండియు, లోని నీటినుండియు తీసికొనును. కనుక మిగిలిన నీరు చల్లబడును. మన దేహమునకు చెమట చేయు ఉపకారమును ఇట్టిదే. గాలి పొడిగా ఉన్నప్పుడు ఈ పని చురుకుగా సాగును. సముద్రతీరమున గాలిలో తేమ నిండియుండుటచేత చెమట ఆరదు. అందువలన తక్కువ డిగ్రీలకే ఉక్కపోయును. పొడిగాలిలో మఱియొక మోసము కలదు. చెమట పట్టినట్లే తెలియక ఆరిపోవును. దేహము ఎంత నీరు కోల్పోయినదో మనకు అంతు చిక్కదు. దాహము లేకున్నను మజ్జిగయో అంబలియో త్రాగుమని పెద్దలు చెప్పుట ఇందుకే.

మిత్రులలో ఒకడు విమానాశ్రయమున సామానులెక్కించు పనిలో ఉన్నాడు. పోయిన వేసవిలో, తలపై నుండి ఒక విమానము పోవుచుండగా, వాడు దానిని చూపి, "ఎండాకాలం విమానం సుత ఆయాసపడ్తది రా!" అన్నాడు. మేము నవ్వితిమి గాని, వాడు చెప్పినది సత్యము. వేడెక్కిన గాలి వ్యాకోచించి పలుచన అగును. రెక్కను పైకి ఎత్తవలసినది ఆ గాలియే. యంత్రము లోనికి పీల్చవలసినదియు ఆ గాలియే. శంషాబాదు సముద్రమట్టమునకు 600 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నది. ఎత్తు వలన గాలి కొంత పలుచన, ఎండ వలన మఱికొంత. సముద్రతీరమున 15 డిగ్రీల దినమున ఉండు గాలితో పోల్చినచో, ఇచ్చట 40 డిగ్రీల మధ్యాహ్నమున గాలి సుమారు ఏడవవంతు పలుచన. కావున విమానము ఎక్కువ దూరము పరుగిడిన గాని లేవదు. నాలుగు కిలోమీటర్లకు మించిన రన్‌వే ఇచ్చట ఉండుట వట్టి ఆర్భాటము కాదు.

విమానము పరుగిడుటకు అంత నేలను కేటాయించినవారము, బాలుడు పరుగిడుటకు ఎంత నేలను మిగిల్చితిమి? ఈ ప్రశ్నయే ఆ సాయంకాలమున మమ్ములను పట్టుకొన్నది.

ఆటకును ఎండకును గల లెక్క ఇది. పరుగెత్తు వాని కండరములకు రక్తము కావలెను. దేహమును చల్లబఱచుటకు చర్మమునకును రక్తము కావలెను. గుండె ఒక్కటే, పనులు రెండు. నీరు తగ్గిన దేహమున రక్తమును తగ్గును. అప్పుడు కాళ్లకు నొప్పి, తలకు తిప్పు, వాంతి మొదలగును. ఆ దశలో నీడకు చేరి నీరు త్రాగినవాడు తేరుకొనును. చేరనివాని దేహపు వేడి 40 డిగ్రీలు మించి, మాట తడబడి, స్పృహ తప్పినచో అదియే వడదెబ్బ. వానిని నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒడలెల్ల తడిపి, గాలి విసరుచు, 108కి కబురు చేయవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. 2015 మే నెలలో వీచిన వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వెయ్యికి మించిన ప్రాణములు పోయినవి. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబములకు నాలుగు లక్షల రూపాయల సహాయమును నిర్ణయించినది. 2024 మే 13న జరిగిన లోక్‌సభ ఎన్నికలలో ఎండను తలచియే పోలింగును సాయంకాలము ఆరు గంటల వరకు పొడిగించిరి. ఎండ ఇట్లు ప్రభుత్వ ఉత్తరువులలోనికి ప్రవేశించినది.

మా కాలమున ఆ ఉత్తరువు అమ్మమ్మదే. పది గంటలకు తలుపు మూయును, నాలుగున్నరకు తెఱచును. నడుమ గోటీలు, అష్టాచెమ్మా, తాటిముంజలు. తలుపు తెఱవగానే శిఖములోనికి పరుగు. మొదట చిర్రగోనె, పిమ్మట క్రికెట్. ఎవని చేతిలో బ్యాటు ఉన్నదో వాడే అధ్యక్షుడు. చీకటి పడి బంతి కనబడనప్పుడు కట్టమీద కూర్చుండి లోకవార్తలు. రేడియోలో విన్నది ఒకడు, కిరాణా దుకాణమున పొట్లము కట్టిన పత్రికలో చదివినది మఱియొకడు చెప్పును. ఏ వార్త నిజము, ఏది కల్పన అని వాదించుట మేము నేర్చినది ఆ కట్టమీదనే. ఈ వృత్తికి అదియే మా తొలి పాఠశాల.

ఖాళీ నేల అల్పవస్తువని తలచువారికి హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్ర సమాధానము చెప్పగలదు. హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుమార్లు రోవర్సు కప్పును గెలిచినది. ఆ జట్టును తీర్చిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచేత ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణమును పొందినది; 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానమున నిలిచినది. ఆ మెల్‌బోర్న్ జట్టులోని తులసీదాస్ బలరాం సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడలో పుట్టినవాడు, 2023లో కీర్తిశేషుడైనాడు. నేడు గచ్చిబౌలిలో కప్పు క్రింద, చల్లని దీపకాంతిలో ఆడి సింధు 2016 రియోలో రజతమును తెచ్చినది. అది మనకు గర్వకారణమే. కాని ఆ కప్పు క్రిందికి చేరుటకు ముందు ప్రతి బాలునికి, ప్రతి బాలికకు ఒక మొదటి మైదానము కావలెను. అది ఇంటినుండి పిలిచిన వినబడునంత దూరమున ఉండవలెను.

ఇక నీటి మాట. మా జట్టున ఐదుగురము, ఇప్పుడు నలుగురము. మాకు పదకొండవ ఏడు నడుచుచుండగా, ఒక సాయంకాలము బంతి దొర్లి, రాయి తీసి విడిచిన గుంటలో పడినది. ఐదవవానికి ఈత రాదు. బంతి అంచుననే తేలుచున్నది. మోకాలిలోతు ఉండునని తలచి వాడు అడుగు వేసినాడు. రెండవ అడుగునకు నేల లేదు. మేము నలుగురము కేకలు వేయుచు నిలిచితిమి. మాలో ఇద్దరికి ఈత వచ్చును గాని, పట్టి లాగుట తెలియదు. పెద్దలు వచ్చుసరికి నీరు నిశ్చలముగా ఉన్నది.

ఆ గుంట చెరువు వంటిది కాదని మాకు తరువాత తెలిసినది. పాతచెరువు అడుగు పళ్లెమువలె మెల్లగా దిగును. లోతు పెరుగుచున్నదని కాలికి తెలియును. రాతిగుంట గోడవలె నిట్టనిలువుగా దిగును. మట్టికై ఇష్టము వచ్చినట్లు త్రవ్విన చెరువులోను ఇట్టి గుంతలే ఏర్పడును. వేసవిలో పైననున్న జానెడు నీరు వెచ్చగా ఉండి, అడుగున చల్లగా ఉండును. ఆ చల్లదనము ఒక్కసారిగా తగిలినచో ఊపిరి బిగపట్టి మనుష్యుడు కలవరపడును. మునుగువాడు కేకవేయలేడు, నోరు నీటిపై నిలిచియుండు క్షణము ఊపిరికే చాలదు. కేకలు లేవు గనుక అపాయము లేదని ఒడ్డునున్నవారు తలతురు. రక్షింపబోయిన వానిని మునుగువాడు కౌగిలించి పట్టుకొనును. ఒకరికై ఇద్దరు, ఇద్దరికై ముగ్గురు పోవుట అందువలననే. నీటిలో దిగక, పంచెయో కఱ్ఱయో త్రాడో అందించుటయే తెలిసినవాడు చేయు పని. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారము 2021లో నీట మునిగి మరణించినవారు సుమారు మూడు లక్షలు. బడి వయసు పిల్లలకు ఈతను, ప్రమాదము లేని రక్షణవిధానమును నేర్పుమని ఆ సంస్థ చెప్పుచున్నది.

పూర్వము దీనికి ఊరిలో ఒక ఏర్పాటు ఉండెడిది. మెట్లున్న బావిలో, నడుమునకు బెండు కట్టి, మేనమామయో అన్నయో పిల్లవానిని నీటిలోనికి త్రోసెడివాడు. తాను ప్రక్కనే ఉండెడివాడు. ఆ బావులు పూడినవి. ఆ అన్నలు పొద్దున పనికి పోయి రాత్రి వచ్చుచున్నారు. రుసుము చెల్లించినవారికి అలల కొలనులు కలవు. అచ్చట కావలివారును ఉందురు. రుసుము లేని పిల్లవానికి మిగిలినది కావలిలేని గుంటయే. ఎండ ఇద్దరికిని సమానము. నీరు సమానము కాదు.

మేము గతకాలమునకు హారతి పట్టుట లేదు. విమానాశ్రయము మా మిత్రునికి అన్నము పెట్టినది. రహదారి రోగిని త్వరగా ఆసుపత్రికి చేర్చుచున్నది. మేము కోరునవి స్వల్పములు. ప్రతి ఊరిలో ఇళ్లకు చేరువ ఎకరము నేల ఆటకు విడువవలెను. దాని చుట్టు వేప, కానుగ నాటవలెను. విడిచిన గుంటకు కంచె వేయవలెను. ఒడ్డున ఒక పొడుగాటి వెదురును, గాలి నింపిన పాత ట్యూబును వ్రేలాడదీయవలెను. బడులు మూయుటకు ముందే ఈత నేర్పు ఏర్పాటు, వచ్చిన వానికి ఒడ్డు నుండి రక్షించు విధము నేర్పు ఏర్పాటు చేయవలెను. వీనికి కోట్లు అక్కఱలేదు. ఊరిలో నలుగురు పెద్దలు ఒక సాయంకాలము కూర్చుండిన చాలును.

పోయిన వేసవిలో తిరిగి వచ్చునప్పుడు ఐదవవాని తల్లి ఇంటికి పోయితిమి. ఆమె ఎప్పటివలె రంజను ప్రక్కనుండి లేచి, గ్లాసులు తీయుచు, "ఎంతమంది వచ్చిండ్రు బిడ్డా?" అని అడిగినది. నలుగురమని చెప్పితిమి. ఆమె ఐదు గ్లాసులలో మజ్జిగ పోసినది. ఐదవ గ్లాసును, వాకిట బంతి ఆడుచున్న పొరుగింటి పిల్లవానిని పిలిచి ఇచ్చినది. వానికి ఈత వచ్చునా అని మేము అడిగితిమి. రాదని వాడు తల ఊపినాడు. వానికి నేర్పుటకు రానున్న ఆదివారమునే మేము నిర్ణయించుకొంటిమి.