తీవ్రవ్యాధిగ్రస్త బాలల నిద్రాభంగం: జపాన్ కాంపో వైద్యం, మన ఇంటి మూలికలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
తీవ్రమైన జబ్బుతో ఉన్న పిల్లలకు నిద్ర కరువైతే రోగబాధతోపాటు కుటుంబ వేదన కూడా పెరుగుతుంది. ఇటువంటి నిద్రాభంగానికి జపాన్ సంప్రదాయ వైద్యమైన కాంపోలో వాడే రెండు ఔషధయోగాలను పరిచయం చేసి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలతో సహా తెలుగు ఇళ్లలో పసిపిల్లలకు వాడే మూలికలతో వాటిని పోల్చి, పాటించవలసిన జాగ్రత్తలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కాంపో, నిద్రాభంగం, బాలవైద్యం, అతిమధురం, వస, జాజికాయ.

1. ఉపోద్ఘాతం:
హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలు నేటి శ్రీసత్యసాయి జిల్లాలోనివి. పిల్లలకు క్యాన్సరు, గుండెజబ్బు వంటివి వచ్చినప్పుడు ఇక్కడి కుటుంబాలు ప్రత్యేక చికిత్స కోసం బెంగళూరు వంటి నగరాలకు వెళ్తుంటాయి. పెద్దాసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన బిడ్డ రాత్రంతా నిద్రపోకుండా ఏడుస్తుంటే, ఇంట్లోని పెద్దలు తమకు తెలిసిన మూలికను అరగదీయడానికి పూనుకోవడం సహజం. ఆ పనిలో ప్రేమ ఉంది, ప్రమాదం కూడా ఉంది.

ఇటువంటి పిల్లల్లో నిద్రలేమికి కారణాలు అనేకం. నొప్పి, ఆయాసం, దురద, భయం, ఆసుపత్రి దీపాలు, యంత్రాల శబ్దాలు వాటిలో కొన్ని. రక్తక్యాన్సరు చికిత్సలో ఇచ్చే డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్లు కూడా నిద్రను చెడగొడతాయి. కారణం తెలుసుకోకుండా నిద్రమందు ఇస్తే అసలు బాధ మరుగున పడుతుంది.

2. కాంపో యోగాలు:
కాంపో వైద్యం చైనాలో పుట్టి జపాన్‌లో ప్రత్యేకరూపం దాల్చింది. 1976 నుంచి అనేక కాంపో ఔషధాలు ఆ దేశపు ఆరోగ్యబీమా పరిధిలోకి వచ్చాయి. ఆధునిక వైద్యులే వీటిని రాసి ఇస్తారు. కర్మాగారంలో నిర్ణీత పరిమాణాలతో తయారైన పొడి రూపంలో ఇవి లభిస్తాయి.

2.1 యోకుకాన్సాన్: ఇందులో ఏడు మూలికలు ఉంటాయి. దీని మూలం 16వ శతాబ్ది నాటి ఒక చైనా బాలవైద్య గ్రంథంలో ఉంది. పిల్లల చిరాకు, రాత్రి ఏడుపు, నిద్రలేమి దీని ప్రయోజనస్థానాలు. తల్లీబిడ్డలిద్దరూ కలిసి ఈ మందు తీసుకోవాలన్నది ప్రాచీన సూచన. బిడ్డ కలత తల్లి కలతతో ముడిపడి ఉంటుందన్న గ్రహింపు ఇందులో కనిపిస్తుంది.

2.2 కాన్‌బాకుతైసోతో: ఇందులోని గోధుమ, రేగు, అతిమధురం మూడూ తెలుగువారికి పరిచితమైనవే. పెద్దలకు రోజువారీ మోతాదులో గోధుమ 20 గ్రాములు, రేగు 6 గ్రాములు, అతిమధురం 5 గ్రాములు ఉంటాయి. అకారణంగా దుఃఖించే స్త్రీల కోసం ప్రాచీనులు చెప్పిన ఈ యోగాన్ని జపాన్‌లో పిల్లల రాత్రి ఏడుపుకు కూడా వాడుతున్నారు. అయితే అక్కడి రేగు, మన చేలగట్ల మీద కాసే రేగు ఒకే జాతివి కావు.

వీటికి ఉన్న శాస్త్రీయ ఆధారం పరిమితం. యోకుకాన్సాన్‌పై 2005లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ పరీక్ష 52 మంది మతిమరుపు రోగులపై జరిగింది. వృద్ధుల్లో కనిపించిన ఫలితాన్ని రోగగ్రస్త శిశువులకు నేరుగా అన్వయించలేం.

3. మన ఇంటి మూలికలు:
వసకొమ్మును, జాజికాయను సానరాయిపై అరగదీసి తల్లిపాలతోనో తేనెతోనో నాకించడం మన ఇళ్లలో పాత అలవాటు. వస మాటలు తెప్పిస్తుందన్న నమ్మకం వల్లే వాగుడుకాయ పిల్లలను ‘వసపిట్ట’ అంటారు. నిద్ర కోసం జాజికాయను వాడతారు.

ఈ అలవాటులో కొలత లేదు. రాయిపై ఎన్నిసార్లు తిప్పితే ఎంత మందు దిగుతుందో చెప్పలేం. వసలోని బీటా-ఆసరోన్ జంతువుల్లో కణుతులు కలిగించినందున, అమెరికా 1968లోనే వసను ఆహారంలో నిషేధించింది. జాజికాయ మోతాదు మించితే నిద్రకు బదులు కలవరపాటు, గుండెదడ కలుగుతాయి. ఏడాది నిండని శిశువుకు తేనె కూడా ఇవ్వకూడదు. బోటులిజం అనే తీవ్రవ్యాధి సోకే ప్రమాదం ఉంది.

4. మందుల మధ్య వైరుధ్యం:
పైన చెప్పిన రెండు కాంపో యోగాల్లోనూ అతిమధురం ఉంది. మోతాదు పెరిగినా, ఎక్కువకాలం వాడినా ఇది శరీరంలో ఉప్పును నిలిపి, పొటాషియాన్ని తగ్గిస్తుంది, రక్తపోటు పెరుగుతుంది. గుండెజబ్బు ఉన్న బిడ్డకు మూత్రం జారీచేసే ఫ్యూరోసెమైడ్ ఇస్తుంటే పొటాషియం మరింత తగ్గుతుంది. ఆ స్థితిలో డిగాక్సిన్ కూడా వాడుతుంటే గుండె లయ తప్పవచ్చు. తియ్యని వేరు కనుక హానిచేయదనుకోవడం పొరపాటు.

5. ముగింపు:
కాంపో నుంచి మనం గ్రహించవలసినవి కొలత, వైద్యుని పర్యవేక్షణ, తల్లిని కూడా చికిత్సలో భాగం చేసే దృష్టి. జపాన్ మూలికలను తెప్పించుకోవడం కంటే ఇవి మనకు ఎక్కువ అవసరం. నిద్రపట్టని బిడ్డకు ముందుగా నొప్పి, ఆయాసం తగ్గించాలి. స్టెరాయిడ్ వేళను ఉదయానికి మార్చవచ్చునేమో వైద్యుని అడగాలి. రాత్రి వెలుతురు, శబ్దం తగ్గించి, జోలపాటనూ తల్లి స్పర్శనూ దగ్గరగా ఉంచాలి. ఇంట్లో ఏ మూలిక ఇస్తున్నా దాచకుండా వైద్యునికి చెప్పాలి. వైద్యుడు కూడా గద్దించకుండా అడిగి తెలుసుకోవాలి. గద్దిస్తారన్న భయంతో దాచిన మూలికే బిడ్డకు ముప్పు తేగలదు.