రాజీ వేరు, స్వస్థత వేరు

"కౌన్సెలింగ్" అను మాట మన ఊళ్లకు క్రొత్తది కాదు. కాని, భర్తచేత దెబ్బలు తిని ఠాణా మెట్లెక్కిన స్త్రీకి తరచుగా దాని యర్థము వేరు: ఇరువైపుల పెద్దలను కూర్చుండబెట్టి, "పిల్లల మొగము చూచి సర్దుకుపోవమ్మా" యని నచ్చజెప్పి, కాగితముపై సంతకములు చేయించి, ఆమెను మరల ఆ గడపకే సాగనంపుట. నేనిక్కడ చెప్పబూనిన చికిత్స అది కాదు. కాపురమును అతుకుట వేరు, నలిగిన మనస్సును మాన్చుట వేరు. ఈ రెండింటిని ఒకే పేర పిలుచుటవలన, నిజమైన సాయము దొరకు గడపను త్రొక్కకమునుపే ఎందరో స్త్రీలు దానిపై ఆశ విడుచుచున్నారు.

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 18 నుండి 49 ఏండ్ల నడుమ వయస్సుగల వివాహమైన స్త్రీలలో, భర్త హింసకు లోనైనవారు తెలంగాణలో నూటికి దాదాపు 37 మందియు, ఆంధ్రప్రదేశములో 30 మందియు నున్నట్లు తేలినది. దేశమంతట శారీరక, లైంగిక హింసకు గురియైన స్త్రీలలో సాయము కోరినవారు నూటికి 14 మందియే. తక్కినవారి మౌనమునకు భయమొక్కటే కారణము కాదు; "నాదే తప్పేమో" యను సందేహము అంతకంటె లోతుగా పాతుకొని యుండును. ఏండ్ల తరబడి "నీకేమియు తెలియదు" అని వినిన మనస్సు తన కన్నులు చూచినదానినే నమ్మజాలని స్థితికి వచ్చును. తలుపు గొళ్లెము చప్పుడైనను, వంటింట గిన్నె జారిపడినను గుండె దడదడలాడును. ఆ ఇల్లు విడిచి వచ్చిన పిమ్మట కూడ ఆ దడ విడువదు. ఇది పిచ్చి కాదు. ప్రమాదమును పసిగట్టుటకై శరీరము నేర్చిన జాగరూకత.

అమెరికా మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో వెలువరించిన "ట్రామా అండ్ రికవరీ" అను గ్రంథమున ఈ స్వస్థతకు మూడు దశలను పేర్కొనిరి. మొదటిది భద్రత: నిద్ర, ఆహారము, తలదాచుకొను చోటు, చేతిలో నాలుగు రూకలు, పిలిచిన పలుకు మనిషి. ఇవి కుదురక గతమును త్రవ్వబూనుట పచ్చిపుండును కెలకుటయే. అందుచేతనే, హింస కొనసాగుచుండగా దంపతులను ఒకచోట కూర్చుండబెట్టి చికిత్స చేయుట తగదని నా దృఢాభిప్రాయము. పగలు ఆ గదిలో నోరు విప్పి చెప్పిన నిజమునకు రాత్రి ఇంటిలో ఆమె వీపే బదులు చెప్పవలసి వచ్చును.

రెండవది స్మరణ, శోకము. మంచి చికిత్సకురాలు తొందరపెట్టదు, తీర్పు చెప్పదు. తునాతునకలైన జ్ఞాపకములను ఆమె తన మాటలలో తానే కూర్చుకొనుటకు తోడుండును. ఇక్కడ పలువురిని సిగ్గున క్రుంగదీయు విషయమొకటి కలదు: కొట్టిన మనిషిమీదనే బెంగ కలుగుట. ఆ చేతితోనే మల్లెపూలు తెచ్చిన దినములును ఉండెను గదా! ఆ ప్రేమకై, గడచిపోయిన యౌవనమునకై ఏడ్చుట తిరిగి వెళ్లుటకు సమ్మతి కాదు. మూడవది లోకముతో మరల సంబంధము కలుపుకొనుట: చదువు, ఉద్యోగము, చెలిమి.

2005 నాటి గృహహింస చట్టము దెబ్బలనే గాక, దూషణను, మానసిక పీడనమును, డబ్బు చేతికందనీయకుండుటను సైతము హింసగా పరిగణించినది. కావున "ఒంటిమీద గాయము లేదే" యని వెనుదీయ నక్కరలేదు. మహిళల సహాయమునకు 181, మానసిక సాయమునకు 2022లో మొదలైన టెలిమానస్ వారి 14416 సంఖ్యలు కలవు, రుసుము లేదు. చికిత్సకుడు నచ్చకున్న మార్చుకొనుట తప్పు కాదు. "సర్దుకొమ్మ"ని చెప్పినచో వెంటనే మార్చుకొనుట మేలు.

మానుటకు నెలలు పట్టును, కొందరికి ఏండ్లు పట్టును, నడుమ వెనుకడుగులును కలవు. ఒకనాడు వంటింట గిన్నె జారి ఖంగుమని పడును. ఆమె ఉలికిపడక, వంగి దానిని తీసికొని, కడిగి, మరల పొయ్యిమీద పెట్టును.